రోమ్‌లో మూడు రోజులు: రోజుకి ఒక్క టికెట్టు చాలు

మేం ఉండేది బొలోన్యాలో. ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు అడిగేది రోమ్ గురించే, వెంటపెట్టుకుని తిప్పేది నేనే. హైస్పీడ్ రైల్లో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. అమ్మానాన్నలని, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారిని, ఆడపడుచు పిల్లల్ని తిప్పీ తిప్పీ నాకొక పద్ధతి కుదిరింది. ముందుగా బుక్ చేసే టికెట్టు రోజుకి ఒక్కటే. మిగతా పూటంతా నడక, చర్చిలు, కూడళ్లు. రోమ్‌లో మంచివి చాలామటుకు ఉచితం. ఒకే రోజు మూడు టికెట్లు పెట్టుకుంటే క్యూలో నిలబడ్డమే సరిపోతుంది.

ముందు బస సంగతి. తెర్మినీ అనేది పెద్ద రైల్వే స్టేషన్. అక్కణ్నుంచి కొలోసియం వైపు దిగుతుంటే మోంతీ అనే పాత పేట వస్తుంది. పెద్దవాళ్లతో వెళ్తే అక్కడ బస చేయడం మేలు. మెట్రో బి లైన్‌లో కవూర్ స్టాపు దగ్గర పడుతుంది, తర్వాతి స్టాపే కొలోసియం. ఫ్యూమిచీనో ఎయిర్‌పోర్టు నుంచి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే 32 నిమిషాల్లో తెర్మినీలో ఉంటారు, మధ్యలో ఎక్కడా ఆగదు. హోటల్‌వాళ్లు రాత్రికింత అని సిటీ ట్యాక్స్ విడిగా తీసుకుంటారు. అది మోసమేమో అని కంగారు పడకండి.

బస్సుకీ మెట్రోకీ కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, కానీ మనిషికో కార్డు ఉండాలి. లేదా తెల్ల ‘టి’ అక్షరం బోర్డున్న పొగాకు కొట్లో కాగితం టికెట్టు కొనండి. 100 నిమిషాలు పనిచేస్తుంది. బస్సెక్కగానే మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవడం మర్చిపోతే టికెట్టున్నా ఫైన్ తప్పదు. తెర్మినీ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబరు బస్సులో జేబు దొంగలెక్కువ. పర్సు, పాస్‌పోర్టు బట్టల లోపల ఉండాలి, వెనక జేబులో కాదు.

మొదటి రోజు కొలోసియం. అధికారిక వెబ్‌సైట్లో 30 రోజుల ముందు టికెట్లు వదులుతారు, సీజన్లో చూస్తుండగానే అయిపోతాయి. టికెట్టు మీద పేరు ఉంటుంది కాబట్టి పాస్‌పోర్టు దగ్గరుండాలి. ఉదయం మొదటి స్లాటు తీసుకోండి. లోపలికెళ్లే ముందు మెట్రో స్టేషన్ వైపున్న గోడ దగ్గర కాసేపు ఆగండి. కింది వరస కమానుల మీద రోమన్ అంకెలు చెక్కి ఉంటాయి. ఎల్, ఐ, ఐ అని కనిపిస్తే అది 52వ ద్వారం. కింద మొత్తం 80 ద్వారాలు. క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి దీన్ని ప్రారంభించినప్పుడు జనం తమ ద్వారం నంబరు చూసుకునే లోపలికి వెళ్లేవారు. పిల్లల చేత ఆ అంకెలు చదివించండి, ఎంత ఉత్సాహపడతారో. అదే గోడకి ఒళ్లంతా గుంటలుంటాయి. అవి తూటాల దెబ్బలు కావు. రాయికి రాయి పట్టి ఉంచిన ఇనుప బందుల్ని మధ్యయుగాల్లో జనం తవ్వుకుపోయిన చోట్లు. ఇన్ని బందులు పోయినా గోడ ఇంకా నిలబడి ఉంది.

అదే టికెట్టు మీద ఫోరమ్ అనే పాత రోమన్ల నగర కూడలికీ, పాలటైన్ కొండకీ వెళ్లొచ్చు. కానీ అక్కడంతా ఎగుడుదిగుడు రాళ్లు, నీడ తక్కువ. నడవలేనివాళ్లుంటే కాపిటోలైన్ కొండ మీద మున్సిపల్ భవనం వెనకవైపుకి తీసుకెళ్లండి. ఫోరమ్ మొత్తం కాళ్ల కింద పరిచినట్టు కనిపిస్తుంది, పైసా ఖర్చు లేదు.

కొలోసియం నుంచి కాస్త నడిస్తే సాన్ క్లెమెంతె చర్చి. రోమ్‌లో ఒక్కటే చూడ్డానికి టైముందంటే నేను దీన్నే చూడమంటాను. పైన ఉన్నది పన్నెండో శతాబ్దపు చర్చి, బంగారు మొజాయిక్‌తో మెరిసిపోతుంది. దానికి డబ్బు కట్టక్కర్లేదు. టికెట్టు కొని మెట్లు దిగితే దాని కింద నాలుగో శతాబ్దపు చర్చి, గోడల మీద వెలిసిన బొమ్మలు. ఇంకో అంతస్తు దిగితే మొదటి శతాబ్దపు ఇటుక గోడలు, ఇరుకు సందులు, రోమన్లు మిత్ర దేవుణ్ని కొలిచిన గది. ఆ గదిలో రెండు వైపులా రాతి అరుగులు, మధ్యలో ఎద్దును చంపుతున్న దేవుడి శిల్పమున్న బలిపీఠం. అక్కడ మాట్లాడకుండా నిలబడితే ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు వినిపిస్తుంది. 1857లో ఈ చర్చి ఫాదర్ ములూలీ తవ్వడం మొదలుపెట్టేదాకా కింద ఇంత ఉందని ఎవరూ అనుకోలేదు. కింద ఫోటోలు తీయనివ్వరు. మెట్లు తడిగా ఉంటాయి, పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోండి. మధ్యాహ్నం కాసేపు మూస్తారు, ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి, అది చూసుకుని వెళ్లండి.

రెండో రోజు పొద్దున్నే, ఏడింటికల్లా, ట్రేవీ ఫౌంటెన్ దగ్గరుండండి. తొమ్మిది దాటితే అక్కడ నీళ్ల కంటే ఫోన్లే ఎక్కువ కనిపిస్తాయి. ఈ నీళ్లొచ్చే కాలువ ఆక్వా విర్గో. క్రీ.పూ. 19లో అగ్రిప్ప అనే రోమన్ సేనాని కట్టించాడు, తర్వాత బాగుచేశారు, ఇప్పటికీ పనిచేస్తోంది. అక్కణ్నుంచి నడిచి పాంథియాన్ అనే పాత గుడికి వెళ్తే దాని నుదుటి మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది అదే అగ్రిప్ప పేరు. అయితే ఇప్పుడున్న గుడిని సుమారు క్రీ.శ. 126 నాటికి పూర్తిచేసింది హాడ్రియన్ చక్రవర్తి. మొదట కట్టించినవాడి పేరునే ఉంచాడు. 2023 నుంచి దీనికీ టికెట్టు పెట్టారు. రెండో రోజుకి ఇదే ఆ ఒక్క టికెట్టు.

లోపల మధ్యలోకెళ్లి పైకి చూడండి. గోపురం అడ్డకొలత, నేల నుంచి దాని ఎత్తు రెండూ ఒకటే, 43.3 మీటర్లు. ఇనుప చువ్వ ఒక్కటి లేకుండా పోసిన కాంక్రీటు. పైకి పోయేకొద్దీ తేలికరాయి కలిపి బరువు తగ్గించారు. నడినెత్తిన దాదాపు 9 మీటర్ల రంధ్రం తెరిచే ఉంటుంది, వాన పడితే లోపలే పడుతుంది. నేలలో ఆ నీళ్లు పోవడానికి పెట్టిన చిన్న బెజ్జాల్ని వెతకండి. మా నాన్న సివిల్ కాంట్రాక్టర్. ఆయన్ని అక్కణ్నుంచి కదిలించడం మా వల్ల కాలేదు.

దగ్గర్లోనే సాన్ లుయీజీ దెయ్ ఫ్రాంచేసీ చర్చిలో కరవాజ్జో అనే పాత చిత్రకారుడు గీసిన సెయింట్ మాథ్యూ చిత్రాలు మూడున్నాయి. ఉచితం. పక్కనున్న పెట్టెలో నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, చిల్లర ఉంచుకోండి. ఇంకో రెండు సందులు దాటితే సాంత్ అగొస్తీనో చర్చి. ఎడమవైపు మొదటి గదిలో కరవాజ్జోదే ఇంకో చిత్రం ఉంది: గుమ్మంలో బిడ్డనెత్తుకున్న మేరీమాత, ఎదురుగా మోకరిల్లిన ఇద్దరు ముసలి యాత్రికులు. ఆ ముసలాయన అరికాళ్లు సరిగ్గా మన కళ్లెదురుగా ఉంటాయి, మట్టి కొట్టుకుని. అలిపిరి నుంచి చెప్పుల్లేకుండా మెట్లెక్కొచ్చిన మనిషి కాళ్లలా ఉంటాయి. మా అత్తగారు దణ్ణం పెట్టుకున్నారు. ఈ చర్చిలు కూడా మధ్యాహ్నం మూసేస్తారు, పన్నెండు లోపు ముగించండి.

భోజనం గురించి శాకాహారులు కొంచెం జాగ్రత్త పడాలి. ‘సెన్జా కార్నె’ అంటే మాంసం లేకుండా, ‘సెన్జా పేషె’ అంటే చేప లేకుండా. రెండూ చెప్పాలి. సుప్లీ అనే అన్నం ఉండల్లో చాలాచోట్ల మాంసం కూరుతారు. పెకొరీనో చీజ్‌ని గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు, పట్టింపున్నవాళ్లకి ఇది ముందే చెప్పండి. చీజే లేని మరినారా పిజ్జా ఉంది. మధ్యాహ్నానికి మాకు నచ్చేది కత్తెరతో కోసి తూకానికి అమ్మే పిజ్జా. బంగాళాదుంపది అడగండి. కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే చవక, కూర్చుంటే రేటు మారుతుంది. కాఫీ తాగినచోట బాత్రూమ్ అడగడం తేలిక కూడా. పిల్లలకి వండి పెట్టాల్సి వస్తే పియాత్సా విత్తోరియో దగ్గర ఎస్క్విలీనో మార్కెట్లో పచ్చిమిర్చి, కొత్తిమీర, బెండకాయలు, బియ్యం అన్నీ దొరుకుతాయి.

నీళ్ల సీసాలు కొనకండి. వీధి మలుపుల్లో ఇనుప కుళాయిలు రాత్రింబగళ్లు పారుతుంటాయి, వాటిని నాసోనె అంటారు. నీళ్లు చల్లగా, శుభ్రంగా ఉంటాయి. ముక్కులా వంగిన గొట్టం చివరని వేలితో మూస్తే దాని పైనున్న చిన్న బెజ్జంలోంచి ధార పైకి లేస్తుంది, వంగకుండా తాగొచ్చు.

మూడో రోజు వాటికన్‌లోని పెద్ద చర్చి, సెయింట్ పీటర్స్ బసిలికా. ప్రవేశం ఉచితం, చెకింగ్ క్యూ పెరగకముందే ఏడింటికి వెళ్లండి. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. బుధవారం ఉదయం పోప్ జనాన్ని కలిసే రోజు, ఆ పూట వద్దు. మైకెలాంజెలో బొమ్మలున్న సిస్టీన్ చాపెల్ చూసి తీరాలంటే దానికి దారి వాటికన్ మ్యూజియం లోంచే. ఆ గేటు వేరు, గోడ చుట్టూ తిరిగి వెళ్లాలి. లోపల నడక చాలా ఎక్కువ, ఆదివారాలు దాదాపు ఎప్పుడూ మూతే. కాళ్ల నొప్పులున్నవాళ్లని నేను అక్కడికి తీసుకెళ్లను. తెర్మినీ ఎదురుగానే ఉన్న పలాత్సో మాస్సిమో మ్యూజియంకి తీసుకెళ్తాను. జనం తక్కువ, కూర్చునే వీలుంది.

అందులో అలసి కూర్చున్న ముష్టియోధుడి కంచు విగ్రహముంది. ముఖం మీది గాయాల్లో నెత్తురు కనిపించేలా ఎర్ర రాగి పొదిగారు, దగ్గరికెళ్లి చూడండి. పై అంతస్తులో రోమ్ మొదటి చక్రవర్తి అగస్టస్ భార్య లివియా ఇంటి గది గోడల్ని తెచ్చి నిలబెట్టారు. నాలుగు వైపులా తోటే, దానిమ్మ చెట్లు, కొమ్మల మీద పిట్టలు. ఆ లివియా భర్త అగస్టస్, కొడుకు టైబీరియస్‌ల ముఖాలున్న వెండి నాణేలు మన నల్గొండ ప్రాంతంలో దొరికాయి. ఆ గదిలో ఈ మాట చెప్తే మనవాళ్లకి రోమ్ ఒక్కసారిగా దగ్గరైపోతుంది.

సామాను తెర్మినీలోని లగేజీ కౌంటర్లో పెట్టేసి మ్యూజియం చూసుకుని నేరుగా రైలెక్కొచ్చు. సోమవారం మాత్రం ఈ మ్యూజియం మూత. మీ మూడో రోజు సోమవారమైతే దీన్ని రెండో రోజు మధ్యాహ్నానికి జరపండి, పాంథియాన్‌ని మూడో రోజుకి తెచ్చుకోండి.