మొదటిసారి పండుగ విందు: మూడో పాఠం – పొయ్యి లెక్క

పోయినసారి టైమ్‌టేబుల్ వెనక నుంచి రాయమన్నాను. ఒంటిగంటకు భోజనమైతే, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ ఏ వంట ఎప్పుడు మొదలుపెట్టాలో కాగితం మీద పెట్టుకోవడం. పద్ధతి అందరికీ పట్టుబడింది. కానీ ఆ కాగితంతో వంటింట్లోకి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది రెండు దాటితే గానీ వడ్డించలేకపోయారు. అందుకే ఈసారి చెబుదామనుకున్న వడ్డన సంగతి పక్కన పెట్టి, ముందు ఈ చిక్కు విప్పుదాం. పిలుపులు, కుర్చీలు, ప్లేట్లు మీరు చూసుకోగలరు. వాటికి పాఠం అక్కర్లేదు.

టైమ్‌టేబుల్ బాగానే ఉంది, అందులో వేసుకున్న నిమిషాలే తప్పు. నలుగురికి కూర 40 నిమిషాల్లో అవుతుంది కదా అని చాలామంది 20 మందికీ అదే 40 వేశారు. జాగ్రత్తపరులు కొందరు ఐదు రెట్లు చేసి 200 వేశారు. రెండూ కుదరవు.

ఉడికించే ఏ వంటలోనైనా రెండు భాగాలుంటాయి. గిన్నె వేడెక్కి మరగడం మొదటిది, మరిగాక లోపలిది ఉడకడం రెండోది. పరిమాణంతో పాటు పెరిగేది మొదటిదే. ఇంటి పొయ్యి మీద మూత పెట్టి పెద్ద మంట మీద ఉంచితే లీటరు నీళ్లు మరగడానికి సుమారు 5 నిమిషాలు పడుతుంది. 8 లీటర్లకు 40. గిన్నె పెద్దదైనంత మాత్రాన బర్నర్ బలం పెరగదు కదా! కానీ మరిగాక ముక్క ఉడకడానికి పట్టే టైం, ముక్కలు పది ఉన్నా వంద ఉన్నా ఒకటే. కాబట్టి మన 40 నిమిషాల కూరలో వేడెక్కడానికి 10, ఉడకడానికి 30 అనుకుంటే, ఐదు రెట్ల కూరకు 50, 30 కలిపి 80 నిమిషాలు.

'మంట పెంచితే సరిపోతుంది కదా' అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. గ్రేవీ చిక్కబడ్డాక మంట పెంచితే అడుగున ఉన్నది మాడుతుంది, పైన ఉన్నది గోరువెచ్చగానే ఉంటుంది. గరిటెతో అడుగు గీకి కలిపితే మాడు వాసన గిన్నెంతా పాకుతుంది. తర్వాత ఏం వేసినా అది పోదు. ఇంకొకటి, మరుగుతున్న గిన్నెలో రెండు లీటర్ల చన్నీళ్లు పోస్తే మరుగు చప్పున ఆగిపోతుంది. మళ్లీ అందుకోవడానికి పది, పదిహేను నిమిషాలు. నేనైతే ఎలక్ట్రిక్ కెటిల్‌లో నీళ్లు మరగబెట్టి పక్కన ఉంచుకుంటాను. పోయేవన్నీ వేడినీళ్లే. మూత తీసి తీసి చూడటం కూడా మానండి.

నీళ్లు మాత్రం ఐదు రెట్లు పోయకండి. పెద్ద గిన్నెలో ఉన్నదాంతో పోలిస్తే ఆవిరయ్యేది తక్కువ, కూర పలచనైపోతుంది. నాలుగు రెట్ల దగ్గర ఆగి, కావాలంటే తర్వాత కలపండి. ఉప్పు, కారం లెక్కలో ముప్పావు వంతు వేసి, ఉడికాక రుచి చూసి సర్దుకోండి.

వేపుళ్లకు ఈ లెక్క పనికిరాదు. మూకుడు నిండా కుక్కితే ముక్కలు నీరు వదిలి ఆ ఆవిరికే ఉడికిపోతాయి, వేగవు. వాయిలుగా చేయాల్సిందే. వాయికి 12 నిమిషాలు, ఐదు వాయిలంటే గంట, ఆ గంటసేపూ మీరు అక్కడే నిలబడాలి. మొదటిసారి విందు పెట్టేవాళ్ల మెనూలో వేపుడు పెట్టనివ్వను, అంతే.

టైమ్‌టేబుల్‌లో ఇప్పుడు 'ఏ బర్నర్' అని ఇంకో గడి చేర్చండి. నాలుగు బర్నర్ల స్టవ్ మీదైనా పెద్ద గిన్నెలు రెండు పెడితే మిగతా చోటు దాదాపు అయిపోతుంది. పన్నెండున్నరకు ఒకే బర్నర్ కోసం మూడు గిన్నెలు లైన్లో ఉన్నాయంటే ఒకటి ముందురోజే వండేయాలి.

ముందురోజు వండినదాన్ని పెద్ద గిన్నెతోనే ఫ్రిజ్‌లో పెట్టేయకండి. పైన చల్లబడినా నడిమధ్య గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది, సూక్ష్మజీవులకు కావాల్సింది అదే. అవి జోరుగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. వెడల్పాటి, లోతు తక్కువ పాత్రల్లోకి సర్ది, దించిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు మధ్యలో కూడా పొగలు వచ్చేదాకా వేడి చేయాలి. దీనికీ టైం రాసుకోండి, ఇదీ వేడెక్కే లెక్కే.

అభ్యాసం: విందుకు వాడబోయే పెద్ద గిన్నెలో సగానికి పైగా నీళ్లు పోసి, మూత పెట్టి, ఆ రోజు వాడే బర్నర్ మీదే మరిగించి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. ప్రతి పెద్ద గిన్నెకూ, ప్రతి బర్నర్‌కూ విడివిడిగా. సాయంత్రమంతా పడుతుందని నాకు తెలుసు. ఆ అంకెలతో టైమ్‌టేబుల్ మళ్లీ మొదటి నుంచి రాయండి. అన్ని వంటలూ పన్నెండున్నరకే దిగిపోవాలి. ఒక్కటి దిగకపోయినా మెనూలోంచి ఒక ఐటమ్ కొట్టేసి మళ్లీ రాయండి. వడ్డన గురించి వచ్చే పాఠంలో.