అమెరికాలో నలభై దాటాక ట్యాక్స్ అకౌంటింగ్‌లోకి మారడం ఎలా?

మళ్లీ కాలేజీలో చేరాలేమోనన్న భయంతోనే చాలామంది ఈ ఆలోచన మానుకుంటారు. సీపీఏ, అంటే లైసెన్సున్న పబ్లిక్ అకౌంటెంట్, కావాలంటే డిగ్రీ, అకౌంటింగ్ క్రెడిట్లు, అనుభవం అన్నీ కావాలి, నిజమే. ఎన్‌రోల్డ్ ఏజెంట్‌కు, అంటే ఈఏకు, డిగ్రీ అడగరు. అమెరికా కేంద్ర పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నేరుగా ఇచ్చే హోదా ఇది. ఏ రాష్ట్రంలోని క్లయింట్ తరఫునైనా ఐఆర్‌ఎస్ ముందు వాదించవచ్చు. కంపెనీల ఆడిట్ చేయాలన్న కోరిక లేకపోతే నడివయసులో ఇదే దగ్గరి దారి.

1. ఉద్యోగం మానకుండా ఒక సీజన్, అంటే రిటర్నులు వేసే నెలలు, పనిచేసి చూడండి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితంగా రిటర్నులు చేసిపెట్టే ఐఆర్‌ఎస్ కార్యక్రమం పేరు వీటా. దసరా, దీపావళి రోజుల్లోనే పేరిస్తే శిక్షణ ఇచ్చి, ఆన్‌లైన్ పరీక్ష పెడతారు. ఏప్రిల్ 15 దాకా వారానికి ఒకటి రెండు పూటలు కూర్చుంటే చాలు. డబ్బు రాదు, కానీ ఈ పని మీకు పడుతుందో లేదో తేలిపోతుంది.

ఈలోగా మీ పాత రిటర్ను ఒకదాన్ని వ్యక్తుల పన్ను రిటర్ను ఫారం అయిన 1040 మీద చేత్తో వేయండి. సాఫ్ట్‌వేర్ తప్పు అంకెను కూడా ముచ్చటగా కూడి చూపిస్తుంది. కంపెనీ జీతంలో భాగంగా ఇచ్చిన ఆర్‌ఎస్‌యూ షేర్లు అమ్మినప్పుడు ఈ తప్పు తరచూ జరుగుతుంది. షేరు చేతికొచ్చిన రోజు విలువ అప్పటికే యజమాని ఇచ్చే జీతం పత్రం డబ్ల్యూ-2లో కలిసి ఉంటుంది. బ్రోకర్ పంపే అమ్మకాల పత్రం 1099-బి మాత్రం కొన్న ధరను సున్నాగానో, బాగా తక్కువగానో చూపవచ్చు. దాన్ని అలాగే ఎక్కిస్తే ఒకే డబ్బుకు రెండుసార్లు పన్ను పడుతుంది. అమ్మకాలు చూపే 8949 ఫారంలో, బ్రోకర్ ఇచ్చిన కొన్న ధర తప్పని తెలిపే బి కోడ్ వేసి సరిచేయాలి. ఐటీలో ఏళ్లు గడిపినవాళ్లు ఇలాంటివి ఇట్టే పట్టేస్తారు. పాత ఉద్యోగం వృథా పోదనేది ఇందుకే.

2. రిటర్నులు చేసేవారికి ఐఆర్‌ఎస్ ఇచ్చే నంబరు పీటిన్ తీసుకోండి. డబ్బు తీసుకుని రిటర్ను చేసే ప్రతివారికీ ఇది తప్పనిసరి, ఏటా రెన్యువల్ చేయాలి. ఈఏ పరీక్షకు కూడా ఇదే కావాలి. కొన్ని రాష్ట్రాల్లో అదనపు నిబంధనలున్నాయి. కాలిఫోర్నియాలో ఈఏ అయ్యేలోపు డబ్బుకు రిటర్నులు చేయాలంటే 60 గంటల కోర్సు చదివి రిజిస్టర్ కావాలి.

3. ఈఏ పరీక్షలో మూడు భాగాలు: వ్యక్తులు, వ్యాపారాలు, ప్రాతినిధ్యం. ఒక్కోదానిలో 100 ప్రశ్నలు, మూడున్నర గంటలు. మే నుంచి ఫిబ్రవరి చివరిదాకా ఎప్పుడైనా రాయొచ్చు. సీజన్ వేడి తగ్గకముందే, జూన్‌లోనో జులైలోనో మొదటి భాగం రాసేయండి. రెండోదానికి దానికి రెట్టింపు సమయం పెట్టుకోండి. పార్ట్‌నర్‌షిప్‌లో భాగస్వామి బేసిస్ (పన్ను లెక్కలో అతని పెట్టుబడి విలువ) లెక్క, తరుగుదల దగ్గరే ఎక్కువమంది తడబడతారు. మే నుంచి జరిగే పరీక్షల్లో అడిగేది గడిచిన సంవత్సరం డిసెంబరు 31 నాటి చట్టం. తాజా మార్పులు చదువుకుని వెళ్లి మార్కులు పోగొట్టుకోకండి.

4. చివరి భాగం పాసైన ఏడాదిలోపు ఈఏ హోదాకు దరఖాస్తు అయిన ఫారం 23 పంపాలి. అప్పుడు ఐఆర్‌ఎస్ మీ సొంత రిటర్నులు చూస్తుంది. దాఖలు చేయనిది ఒక్కటున్నా పేచీ వస్తుంది కాబట్టి ముందే సర్దుకోండి.

5. ఉద్యోగానికి జనవరిలో కాదు, అక్టోబరు, నవంబరుల్లో అడగండి. సీజన్ మొదలయ్యాక కొత్తవారికి నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. రెజ్యూమెలో పాత హోదాల చిట్టా తగ్గించి, ఏ షెడ్యూళ్లతో (రిటర్నుకు జతచేసే ఫారాలు) ఎన్ని రిటర్నులు చేశారో రాయండి. భారత్‌లో ఖాతాలున్నవాళ్లు విదేశీ ఖాతాల గురించి వేసే ఎఫ్‌బార్ నివేదిక పని వస్తే అదీ చెప్పండి. అన్ని విదేశీ ఖాతాల్లో కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా అది దాఖలు చేయాలి.

మొదటి రెండేళ్లు రాబడి ఏప్రిల్ తర్వాత పడిపోతుంది. వేసవికి బుక్‌కీపింగ్ పని, గడువు పెంచుకున్నవాళ్ల అక్టోబరు 15 రిటర్నులు ముందే మాట్లాడి పెట్టుకోండి. ఈఏ హోదా నిలవాలంటే మూడేళ్లలో 72 గంటల కోర్సులు చదవాలి, ఏ ఏడాదీ 16కు తగ్గకూడదు. సొంతంగా బోర్డు పెట్టేవాళ్లు క్లయింట్ల సమాచారాన్ని ఎలా కాపాడతారో తెలిపే రాతపూర్వక ప్రణాళికను మొదటి క్లయింట్ రాకముందే సిద్ధం చేసుకోవాలి. ఒంటరిగా పనిచేసేవారికీ ఇది తప్పదు.