కంగల్ వద్దు, కంగల్ పెంపకం కావాలి: మేకల దొడ్డికి కాపలా కుక్కను తయారుచేసే పద్ధతి

హైదరాబాద్ చుట్టుపక్కల మేకల షెడ్డు పెట్టినవాళ్లు ఈ మధ్య ఎవరు ఫోన్ చేసినా ఒకటే అడుగుతున్నారు: "అన్నా, కంగల్ కుక్కపిల్ల ఎక్కడ దొరుకుతది?" రాత్రిపూట వీధికుక్కల గుంపు దొడ్డిలో పడి మేకపిల్లల్ని చీల్చేస్తే ఆ కడుపుకోత ఎలా ఉంటుందో నాకు తెలుసు. శంకర్‌పల్లి దగ్గర మాదీ మేకల దొడ్డే. అయినా నా సలహా, నాటు కుక్కనే తెచ్చుకుని కంగల్‌ను పెంచినట్టు పెంచండి.

టర్కీలో సివాస్ దగ్గరి కంగల్ ప్రాంతం పేరే ఈ జాతికి వచ్చింది. మగది 50 కిలోలు దాటుతుంది. తోడేలు గొంతు పట్టకుండా కాపరులు దాని మెడకు ఇనుప ముళ్ల పట్టీ కడతారు. మంచు కురిసే పీఠభూమికి తగ్గట్టు ఒంటిమీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. మన మే నెల ఎండలో, మంద మధ్య తిరగనీయకుండా గొలుసుకు కట్టేసి దాన్ని ఉంచడం పాపం. పైగా 2024 మార్చిలో కేంద్రం నిషేధించమని రాష్ట్రాలకు రాసిన 23 రకాల కుక్కల్లో కంగల్ ఉంది. ఆ లేఖను కర్ణాటక హైకోర్టు కొట్టేసింది కానీ, ఆ చిక్కు మనకెందుకు?

రక్తంలో వచ్చే గుణం కొంత ఉంటుంది, కాదనను. కానీ మందను తన ఇల్లనుకోవడం పెంపకంతోనే వస్తుంది. అమెరికాలో నవాహో అనే ఆదివాసీ తెగ కాపరులు ఏ జాతీ కాని కుక్కలతోనే మందలు కాచుకున్నారు.

మేకల మధ్య తిరిగే తల్లికి పుట్టిన పిల్లను, కోళ్ల వెంట పడని నెమ్మదస్తురాలిని, ఎనిమిది వారాల వయసులో తీసుకోండి. దొడ్డిలోనే ఒక మూల తడికె కట్టి అందులో ఉంచండి. సందులోంచి మేకలు ముక్కు ఆనించాలి, వాసన పట్టాలి. పొడిచే పోతుల్ని మాత్రం దూరం పెట్టండి, ఈ వయసులో తగిలిన దెబ్బ భయమై మిగిలిపోతుంది. తిండి అక్కడే, నిద్ర అక్కడే. టర్కీ కాపరులు బార్లీ పిండి ఉడికించి పెడతారు, మనకు జొన్న గట్క ఉంది. అందులో మజ్జిగ, ఉడికించిన గుడ్డు కలపండి. రోజూ ఒళ్లంతా నిమరండి, రేపు సూది వేయాలన్నా పుండు కడగాలన్నా చేతికి లొంగాలి. ఇంటికి మాత్రం తీసుకెళ్లొద్దు. పిల్లలు ముద్దు చేశారంటే దాని మనసు ఇంటి గడప మీదే ఉంటుంది.

అసలు పరీక్ష ఐదో నెల నుంచి ఏడాది దాకా. మేకపిల్లల్ని తరుముతుంది, చెవులు కొరుకుతుంది. ఆటే, కానీ వదిలేస్తే అలవాటవుతుంది. కనబడిన క్షణంలో గట్టిగా అదిలించండి, కొట్టొద్దు. ఆ కొన్నాళ్లు దాన్ని పెద్ద మేకల్లో కలపండి. మేకలు ఈనే సమయంలో మీరు పక్కనే ఉండండి. రెండేళ్లు నిండేదాకా ఒంటరిగా నమ్మకండి.

ఇంకొకటి, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. కోసిన గొర్రె తలకాయ పచ్చిగా కుక్కకు వేయొద్దు. రోగం ఉన్న గొర్రె మెదడులో పురుగు పిల్లలుండే నీటితిత్తి కుక్క కడుపులో బద్దెపురుగవుతుంది, దాని గుడ్లు కుక్క మలంతో మేతలో కలుస్తాయి. ఆ మేత తిన్న గొర్రె తల వాల్చి ఒకే వైపు గిరగిరా తిరిగి చస్తుంది. మందను కాయాల్సిన కుక్కే మందకు రోగం పెడుతుంది. బద్దెపురుగుల మందు పశువుల డాక్టర్‌ను అడిగి క్రమంగా వేయండి. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తర్వాత బూస్టర్లు తప్పనిసరి.

గుంపుగా వచ్చే కుక్కల ముందు ఒక్క కుక్క నిలవలేదు. కంచె గట్టిగా వేసి, చీకటి పడకముందే మేకల్ని లోపలికి తోలండి. మొదటిది కుదురుకున్నాక రెండో పిల్లను దాని పక్కనే వదలండి, సగం పని అదే నేర్పుతుంది.