చెట్ల నీడలో బంగారు వస పెంచడం ఎలా?

మాటలు త్వరగా రావాలని మన ఇళ్లలో పసిపిల్లలకు వస కొమ్ము అరగదీసి నాలుకకు రాసేవారు. గలగలా మాట్లాడే పిల్లని వసపిట్ట అనడం మనకు అలవాటే. ఆ వసకు దగ్గరి చుట్టం ఒకటి అమెరికాలో మా ఇంటి వెనక, గడ్డి కూడా మొలవని చెట్ల నీడలో బంగారు రంగులో పెరుగుతోంది. నర్సరీలో అకోరస్ ఓగాన్ అని అడగండి. ఓగాన్ అంటే జపాన్ భాషలో బంగారం. చూడ్డానికి గడ్డిలా ఉంటుంది కానీ గడ్డి జాతి కాదు. సన్నటి ఆకులు, పసుపు మీద ఆకుపచ్చ చారలు, ఎత్తు అడుగు లోపే. ఒక ఆకు తుంచి నలిపి చూడండి, అచ్చం వస వాసనే, కాస్త తియ్యగా.

ముందు చోటు చూసుకోండి. పొద్దున రెండు మూడు గంటల ఎండ, మధ్యాహ్నం నుంచి నీడ ఉంటే రంగు బాగా తేలుతుంది. మరీ చీకటి మూలలో పెడితే బతుకుతుంది గానీ ఆకుపచ్చకు తిరుగుతుంది. చలి విషయంలో జోన్ 6 నుంచి 9 వరకు (చలి తీవ్రతను బట్టి అమెరికా వ్యవసాయ శాఖ ప్రాంతాలకు ఇచ్చిన నంబర్లివి) భయం లేదు.

అసలు విషయం నీళ్లు. నేను మొదటిసారి మేపుల్ చెట్టు కింద నాటాను, నీడ ఉంది కదా చాలనుకున్నాను. జులై వచ్చేసరికి ఆకుల కొసలు కాలిన కాగితంలా గోధుమరంగుకు తిరిగాయి. ఎండ తగిలిందేమోనని ఇంకా నీడలోకి జరిపాను, అక్కడా అదే వరస. మేపుల్ వేళ్లు పైపైనే అల్లుకుని తేమంతా లాగేస్తాయని, మొక్క దాహంతో ఎండుతోందని మట్టిలో వేలు పెట్టి చూస్తే గానీ తెలియలేదు. ఇప్పుడు పైకప్పు నీళ్లు దిగే గొట్టం పక్కన పెట్టాను, కళకళలాడుతోంది. నీళ్లు నిలిచినా కుళ్లే మొక్క కాదిది, చెరువు గట్టున పెరిగే రకం.

నాటడానికి వసంతకాలం మంచిది. ఆరంగుళాల లోతు తవ్వి, పాత వేళ్లు తీసేసి, రెండు గుప్పిళ్ల కంపోస్ట్ కలపండి. మొక్కకూ మొక్కకూ ఎనిమిది నుంచి పది అంగుళాలు వదలండి, కొమ్ము పైభాగం మట్టితో సమానంగా ఉండాలి, లోతుగా పూడ్చేయకండి. చుట్టూ బెరడు ముక్కలు పరిస్తే తేమ నిలుస్తుంది. మొదటి వేసవిలో రోజూ వేలు పెట్టి చూడండి, రెండో కణుపు దాకా పొడిగా ఉంటే వెంటనే తడపండి. ఎరువు పెద్దగా అక్కర్లేదు. చలికాలం పోయాక ఎండిన ఆకులు కత్తిరిస్తే చాలు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి, వసకు చుట్టమే కదా అని దీన్ని పిల్లల నాలుకకు రాయకండి. ఈ కుటుంబం మొక్కల్లో అసరోన్ అనే హానికర పదార్థం ఉంటుంది. అమెరికాలో వసను తిండిలో కలపడాన్ని 1968లోనే నిషేధించారు. ఇది కంటికీ ముక్కుకీ మాత్రమే.

పాకడం మాత్రం నెమ్మది, నేలంతా కప్పడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఒకేసారి ఎక్కువ మొక్కలు కొనే బదులు నాలుగు తెచ్చి, మూడో ఏడు వసంతంలో గుబురు పైకెత్తి, పదునైన కత్తితో కొమ్మును ముక్కలుగా కోయండి. ఒక్కో ముక్కకు రెండు మూడు పిలకలు, కాసిని వేళ్లు ఉండేలా చూసుకుని అదే రోజు నాటి, బాగా తడపండి. కోసేటప్పుడు వచ్చే వాసన సాయంత్రం దాకా చేతుల్లోనే ఉంటుంది.