మేపుల్ చెక్కతో వచ్చే తిప్పలు: ఏది ఎందుకు అవుద్ది, ఏం చేయాలి

స్టెయిన్ (చెక్కకి పట్టించే రంగు) కొడితే మచ్చలు మచ్చలుగా వచ్చిందా?

గుంటూర్లో మా అక్కావాళ్లకి డైనింగ్ టేబుల్ చేసినప్పుడు నాకు అచ్చం ఇదే అయింది, వాల్‌నట్ కలర్ కావాలంది కదా అని టేకుకి కొట్టినట్టే గుడ్డతో రుద్దేశా, పది నిమిషాల్లో ఒకచోట నల్లగా ఇంకోచోట తెల్లగా తేలి చూడలేకపోయాం. మేపుల్లో రంధ్రాలు చాలా సన్నం, అందుకే స్టెయిన్లో రంగు పొడి నిలవడానికి చోటుండదు, కానీ నార వంకర తిరిగి పైకి లేచిన చోట మాత్రం రంగు గబగబా పీల్చేసుద్ది. దాని మీద ఇంకో కోటు కొడితే తేడా ఇంకా ఎక్కువగా కనపడుద్ది, వద్దు. మొత్తం సాండింగ్ చేసి తీసేయండి, 180 నంబర్ గరుకు పేపర్ దాకా వెళ్లి షెల్లాక్, అంటే మన లక్కే, స్పిరిట్లో బాగా పల్చగా కలిపి ఒక కోటు వేయండి, ఆరాక 220తో తేలిగ్గా రుద్ది అప్పుడు జెల్ స్టెయిన్, అంటే చిక్కగా ఉండే రకం, వేయండి. ముదురు రంగే కావాలంటే డై, అంటే పొడి మిగలకుండా కరిగిపోయే రంగు, నయం. ముందు అదే పలకలోంచి కోసిన ముక్క మీద చూసుకోకుండా టేబుల్ మీద చెయ్యి పెట్టొద్దు.

నన్నడిగితే మేపుల్‌కి రంగే అక్కర్లేదు, ఆ మీగడ తెలుపు కోసమేగా అంత డబ్బు పెట్టి కొనేది! వాటర్ బేస్ పాలియురెథేన్ (రంగులేని పాలిష్) కొట్టండి, ఆయిల్ బేస్ అయితే పసుపు తిరుగుద్ది.

వానాకాలంలో పలక ఉబ్బి లేచిపోతోందా?

ఇది మన బెజవాడ ఉక్కపోతకి ఖాయంగా వచ్చేది. అమెరికా, కెనడాల నుంచి వచ్చే చెక్కని వేడి గదిలో (కిల్న్) పెట్టి 6 నుంచి 8 శాతం తేమకి ఆరబెడతారు, ఇక్కడ వానల్లో అది 12 దాటిపోద్ది. పచ్చి చెక్క పూర్తిగా ఆరేసరికి అడ్డంగా టేకు ఐదారు శాతం కుంచించుకుంటే హార్డ్ మేపుల్ (మేపుల్లో గట్టి రకం) దాదాపు 10 శాతం, అంటే తేమ 5 శాతం పెరిగితే రెండున్నర అడుగుల వెడల్పు పలక అర అంగుళం దాకా పెరగొచ్చు. అలాంటిదాన్ని ఫ్రేముకి స్క్రూలతో బిగించేస్తే వంగుద్ది, లేకపోతే పగులుద్ది. చెక్క తెచ్చాక పలకల మధ్య బద్దలు పెట్టి రెండు మూడు వారాలు షెడ్లోనే ఉంచండి, ఫ్రేములో స్క్రూ రంధ్రాలు గుండ్రంగా కాకుండా అడ్డంగా పొడుగ్గా తీయండి, పలక కింద వైపు కూడా పాలిష్ కొట్టండి. ఇప్పటికే బిగించేసి ఉంటే స్క్రూలు విప్పి రంధ్రాలు పొడుగు చేస్తే చాలాసార్లు పలక తనే సర్దుకుంటది.

కోత దగ్గర నల్లగా మాడిందా?

బ్లేడు మొద్దుబారి ఉంటది, లేదా చెక్కని మరీ మెల్లగా తోస్తున్నారు. హార్డ్ మేపుల్ గట్టిదనం జాంకా లెక్కలో (చెక్కలోకి ఉక్కు గుండు దింపడానికి ఎంత బలం కావాలో చెప్పే లెక్క) 1450, టేకు వెయ్యి పైచిలుకు. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి ఎంత మెత్తనో ఇది అంత మొండి. బ్లేడు పదును పెట్టించండి, మధ్యలో ఆగకుండా తోయండి, రూటర్ (చెక్కలో గాడి తీసే మిషన్) అయితే ఒకేసారి లోతుగా దింపకుండా రెండు మూడు సార్లుగా తీయండి. మాడిన మరక స్క్రేపర్‌తో గీకితే పోద్ది.

చిత్రిక పడితే నార చీలిపోతే, ముఖ్యంగా అలలు అలలుగా ఉండే కర్లీ మేపుల్‌కి, పదును చూసుకుని పల్చగా తీయండి.

గుమ్మాలకీ గేట్లకీ మేపుల్ వాడి పుచ్చిపోయిందని బాధపడేవాళ్లకి మందేమీ లేదు, తడికీ చెదలకీ ఇది ఆగదు, అక్కడ టేకే వేయించుకోండి. కటింగ్ బోర్డులకీ ఇంటి లోపల ఫ్లోర్లకీ మాత్రం దీన్ని మించింది దొరకదు, అమెరికా ఎన్‌బీఏ లీగ్ బాస్కెట్‌బాల్ కోర్టుల్లో చాలావాటికి పరిచేది కూడా హార్డ్ మేపులే.