స్నేహితులతో వీకెండ్ వైన్ టేస్టింగ్ ట్రిప్ వేయడం ఎలా?

వైన్ ట్రిప్ అనుకోగానే గ్రూప్‌లో ఎవరో ఒకరు వైనరీల (వైన్ తయారుచేసే చోట్ల) లిస్టు పెట్టేస్తారు. రెండు రోజుల్లో ఎనిమిదో, పదో. ముందు ఆ లిస్టుకు కత్తెర వేయండి. రోజుకు రెండు చాలు, మహా అయితే మూడు. నాలుగో చోటికి చేరేసరికి నాలుక మొద్దుబారిపోయి ఏ గ్లాసులో ఏముందో పట్టించుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

మొదటి పని: బండి ఎవరు నడుపుతారు?

ఊరు, హోటల్ కన్నా ముందు తేలాల్సిన సంగతి ఇది. ఒక్కో టేస్టింగ్‌లో గ్లాసుకు 30 నుంచి 60 మిల్లీలీటర్లు పోస్తారు. చూడ్డానికి గుక్కెడే. కానీ 50 మి.లీ. చొప్పున ఐదు రకాలు తాగితే 250 మి.లీ., అంటే 750 మి.లీ. సీసాలో మూడో వంతు. రెండు వైనరీలు తిరిగితే మూడింట రెండు వంతుల సీసా ఒక్కరి కడుపులోకే వెళ్లినట్టు. పైగా మామూలు వైన్‌లో 12 నుంచి 15 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది. 'కాస్తే తాగాను, నడిపేస్తా' అనే మాటకు ఇక్కడ చోటు లేదు. కాఫీ తాగినా, మొహం కడుక్కున్నా మత్తు దిగదు, లివర్ తన టైమ్ తాను తీసుకుంటుంది. డ్రైవర్‌తో సహా బండి మాట్లాడుకోవడం ఉత్తమం. గ్రూప్‌లో అసలు తాగని స్నేహితుడు ఉండి, నడపడానికి తనంతట తాను ఒప్పుకుంటే అతని ఖర్చు మిగతావాళ్లు పంచుకోండి.

ఎప్పుడు వెళ్లాలి?

నాపా (కాలిఫోర్నియా), బోర్డో (ఫ్రాన్స్), టస్కనీ (ఇటలీ) లాంటి చోట్ల ద్రాక్ష కోత దాదాపు ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య ఉంటుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న బరోసా (ఆస్ట్రేలియా), స్టెలెన్‌బాష్ (దక్షిణాఫ్రికా), మెండోజా (అర్జెంటీనా) లాంటి చోట్ల ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. నాసిక్ ఉత్తరాన ఉన్నా లెక్క వేరు. అక్కడ వానలు తగ్గాక తీగలు కత్తిరిస్తారు కాబట్టి కోత జనవరి, మార్చి నెలల మధ్య వస్తుంది. కోతల్లో వెళితే పండ్లు తొట్టెల్లోకి పడటం, రసం పులియడం కళ్లారా చూడొచ్చు. కానీ జనం ఎక్కువ, సిబ్బందికి ఊపిరి సలపదు. తీరిగ్గా కూర్చుని ప్రశ్నలు అడగాలని ఉంటే కోతకు కాస్త ముందు వెళ్లండి.

బుకింగ్

నలుగురి నుంచి ఆరుగురి వరకు సుఖం. అంతకు మించితే చాలా చోట్ల ముందుగా చెప్పనిదే తీసుకోరు. నాపా లాంటి చోట వైనరీల్లో ఎక్కువ భాగం అపాయింట్‌మెంట్ మీదే నడుస్తాయి. ఫీజు ఎంత, ఎన్ని రకాలు పోస్తారు, సీసా కొంటే ఫీజు తగ్గిస్తారా అని అడిగి పెట్టుకోండి. ఒకటి పేరున్న పెద్ద వైనరీ, ఇంకోటి కుటుంబం నడిపే చిన్నది ఎంచుకుంటే తేడా బాగా తెలుస్తుంది. రెంటి మధ్య కనీసం రెండున్నర గంటలు వదలండి, మధ్యలో కడుపునిండా భోజనం పడాలి. ఖాళీ కడుపుతో మాత్రం మొదలుపెట్టొద్దు.

ఆ రోజు సెంటు కొట్టుకోకండి. వైన్‌లో సగం సంగతి వాసనే. మీ సెంటు పక్క టేబుల్ వాళ్ల గ్లాసులోకి కూడా దూరుతుంది.

గ్లాసు చేతికి వచ్చాక

కాడ దగ్గర పట్టుకోండి, చేతి వేడి తగలదు. తెల్ల కాగితం మీదుగా వంచి రంగు చూడండి. రెడ్ వైన్ పాతబడే కొద్దీ అంచు ఇటుక రంగులోకి తిరుగుతుంది, వైట్ వైన్ ముదురు పసుపవుతుంది. గ్లాసు గుండ్రంగా తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన చూడండి. రెండోసారి వచ్చేది వేరుగా ఉంటుంది. తడిసిన అట్టపెట్టె వాసన కొడితే బిరడా వల్ల ఆ సీసా చెడిందని అర్థం. మొహమాటం లేకుండా చెప్పండి, ఇంకోటి తెరుస్తారు.

ఇప్పుడు చిన్న గుక్క. వెంటనే మింగకుండా నోరంతా తిప్పండి. నోట్లో నీళ్లూరితే అది పులుపు. చిగుళ్లు పట్టేసి, బాగా మరిగిన టీ డికాషన్ తాగినట్టు నాలుక ఎండిపోతే అది టానిన్లు అనే పదార్థాల వగరు. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వస్తుంది. రెడ్ వైన్‌ను తొక్కలతో కలిపే పులియబెడతారు కాబట్టి దానిలోనే ఈ వగరు ఎక్కువ. తర్వాత బల్ల మీద పెట్టిన పాత్రలో ఉమ్మేయండి. కొత్తవాళ్లకు సిగ్గు, కానీ వైన్ రుచి చూడటమే వృత్తిగా ఉన్నవాళ్లు చేసేది అదే. గ్లాసు గోడ మీద జారే ధారలు చూసి 'మంచి సరుకు' అని తేల్చేవాళ్లను నవ్వి వదిలేయండి. వాటికి ఆల్కహాల్‌తో సంబంధం, నాణ్యతతో కాదు.

ఒక నియమం పెట్టుకోండి: ఎవరికి ఏమనిపించిందో ముందు రాసుకోవాలి, తర్వాతే మాట్లాడాలి. ఒకరు 'చెర్రీ' అన్నారంటే అందరికీ చెర్రీ వాసనే వస్తుంది. 2001లో అచ్చయిన బోర్డో పరిశోధన ఒకటుంది. వైన్ చదువు చదువుతున్న 54 మందికి వైట్ వైన్‌లో వాసన లేని ఎరుపు రంగు కలిపి ఇస్తే, వాళ్లు దాన్ని రెడ్ వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. చదువుకున్నవాళ్లనే కళ్లు అంత మోసం చేస్తే మన సంగతి చెప్పాలా! రాత్రి బసలో రెండు సీసాలకు పేరు కనిపించకుండా కాగితం చుట్టి, ఏది ఏదో కనిపెట్టే ఆట ఆడి చూడండి. 1976లో పారిస్‌లో పేర్లు దాచి ఇలాగే రుచి చూపిస్తే ఫ్రెంచ్ న్యాయనిర్ణేతలే కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానం ఇచ్చారు.

కొనేటప్పుడు

ఊపులో కొనకండి. రాసుకున్న కాగితం తీసి, ఏది మళ్లీ తాగాలనిపించిందో అదే తీసుకోండి. ఎండలో ఆపిన కారులో వైన్ ఉడికిపోతుంది, బిరడా పైకి తన్నుకొస్తుంది కూడా. కూలర్ పెట్టె తీసుకెళ్లండి. విమానంలో అయితే సీసా చేతి బ్యాగులో కుదరదు, బట్టల్లో చుట్టి చెక్-ఇన్ సామానులో పెట్టాలి. ఎన్ని సీసాల వరకు తీసుకెళ్లనిస్తారో కొనకముందే కనుక్కోండి.