నెట్ ఆగిందా? ప్లగ్గు పీకే ముందు లైట్లు చూడండి

మల్కాజిగిరిలో మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో నెట్ ఆగినా ముందు నా ఫోనే మోగుతుంది. "అన్నా, నెట్ వస్తలేదు. రౌటర్ బంద్ చేసి మళ్ల చాలు చేసిన, అయినా వస్తలేదు" అంటారు. నేను అడిగేది ఒక్కటే: బంద్ చేసే ముందు ఏ లైటు ఏ రంగులో ఉంది? దాదాపు ఎవరూ చెప్పలేరు.

రీస్టార్ట్ మంచి మందు. కానీ అది రౌటర్ లోపలి జబ్బుకే మందు. స్తంభం మీద తెగిన కేబుల్‌కూ, మెట్ల కింద పెట్టెలో ఊడిన కనెక్టరుకూ, గడువు దాటిన ప్లాన్‌కూ అది పనిచేయదు. పైగా ప్లగ్గు తీయగానే అప్పటిదాకా లైట్లు చెబుతున్న సంగతి చెరిగిపోతుంది. అందుకే ప్లగ్గు మీద చేయి వేసే ముందు ఫోన్ తీసి రౌటర్ ముందు భాగాన్ని పది సెకన్ల వీడియో తీయండి. ఫోటో కన్నా వీడియో మేలు, ఎందుకంటే లైటు నిలకడగా వెలుగుతోందా, మిణుకుమంటోందా అన్నదే ఇక్కడ అసలు విషయం.

కింద రాసిందంతా ఫైబర్ కనెక్షన్ల గురించి. సన్నని కేబుల్ ఇంట్లోకి వచ్చి దూరే పెట్టెను ఓఎన్‌టీ అంటారు. కొందరి ఇళ్లలో ఓఎన్‌టీ, వైఫై రౌటర్ రెండూ ఒకే పెట్టె, కొందరి ఇళ్లలో వేర్వేరు. లైట్ల రంగులు కంపెనీని బట్టి మారతాయి కానీ పేర్లు మాత్రం దాదాపు అన్నిటి మీదా ఒకటే.

ఎల్‌ఓఎస్ (LOS) లైటు ఎర్రగా ఉంది

ఫైబర్‌లో ప్రవహించేది కరెంటు కాదు, కాంతి. ఆ కాంతి మీ పెట్టెదాకా చేరడం లేదని ఎల్‌ఓఎస్ లైటు చెబుతోంది. ఇక్కడ వందసార్లు రీస్టార్ట్ చేసినా ఫలితం ఉండదు.

ముందు ఇంట్లో వెతకండి. గోడ దగ్గరి చిన్న పెట్టె నుంచి ఓఎన్‌టీకి వచ్చే తీగ (దీన్నే ప్యాచ్ కార్డ్ అంటారు) సాధారణంగా పసుపు రంగులోనో తెలుపులోనో ఉంటుంది, చివర ఆకుపచ్చ తల. ఆ తల పూర్తిగా లోపలికి కూర్చుందో లేదో మెల్లగా నొక్కి చూడండి. తర్వాత తీగ పొడవునా వేలితో తడుముకుంటూ వెళ్లండి. ఎక్కడైనా మడత పడిందా? లోపల ఉన్నది గాజు. రాగి తీగలా మడిచినా ఓర్చుకోదు, మడత దగ్గర కాంతి బయటికి జారిపోతుంది. రెండో అంతస్తులో ఒక ఇంట్లో పగలంతా నెట్ బాగుండి రాత్రి పోయేది. వెళ్లి చూస్తే తీగ బీరువా వెనక నుంచి వచ్చింది. రాత్రి నగలు లోపల పెట్టి బీరువా తలుపు గట్టిగా మూసినప్పుడల్లా అది గోడకు జరిగి తీగను నొక్కేస్తోంది. బీరువాను నాలుగు అంగుళాలు ముందుకు లాగి, తీగను గుండ్రంగా చుట్టి మేకుకు వదులుగా తగిలిస్తే చాలింది.

రెండు జాగ్రత్తలు. ఆకుపచ్చ తలను బయటికి తీస్తే దాని కొనలోకి కన్ను పెట్టి చూడవద్దు. అందులో వచ్చే లేజర్ కాంతి కంటికి కనబడదు, అందుకే కన్ను దానంతటది మూసుకోదు. ఆ కొనను వేలితో తుడవనూ వద్దు. వేలి జిడ్డు అంటితే ఉన్న కాంతి కూడా ఆగుతుంది.

ఇంట్లో తప్పేమీ కనబడకపోతే పక్క ఫ్లాట్ తలుపు తట్టండి. అదే కంపెనీ వాళ్లకూ ఎర్ర లైటే ఉంటే లోపం బయట ఉన్నట్టు. మన నగరంలో ఈ కేబుళ్లు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వేలాడుతూ వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలికి కొమ్మ విరిగి పడినా, వినాయక విగ్రహాలు వెళ్లేందుకు దారి చేసినా తెగుతాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లను పెద్దఎత్తున తొలగించారు. ఆ రోజుల్లో ఎన్నో ఇళ్లలో ఎర్ర లైటే. రౌటర్ పాడైందనుకుని కొత్తది కొన్నవాళ్లూ నాకు తెలుసు.

వీధిలో తెగి వేలాడుతున్న కేబుల్‌ను మాత్రం ముట్టుకోకండి, పిల్లలను దగ్గరికి పోనివ్వకండి. ఫైబర్‌లో కరెంటు ఉండదు కదా అనుకోవడం పొరపాటు. స్తంభాల మధ్య లాగే ఫైబర్ కేబుల్‌కు బలం కోసం తరచుగా ఇనుప తీగ జోడిస్తారు. పైన ఎక్కడో అది కరెంటు తీగను తాకుతూ ఉండొచ్చు. 1912కు ఫోన్ చేసి విద్యుత్ సిబ్బందికి చెప్పండి.

కంపెనీకి ఫోన్ చేసినప్పుడు "నెట్ రావడం లేదు" అనకండి. "ఎల్‌ఓఎస్ రెడ్ ఉంది, ప్యాచ్ కార్డ్ చూశాను, పక్క ఫ్లాట్‌లోనూ ఇంతే" అని చెప్పండి. ఆ ఒక్క వాక్యంతో రీస్టార్ట్ చేశారా, ఫోన్ మార్చి చూశారా అన్న ప్రశ్నలన్నీ తప్పుతాయి. మనిషిని పంపడమే మిగులుతుంది.

ఎర్ర లైటు లేదు, పాన్ (PON) లైటు మిణుకుమంటోంది

కాంతి అందుతోంది, కానీ అవతలి యంత్రం మీ పెట్టెను ఇంకా గుర్తుపట్టలేదు. కరెంటు పోయి వచ్చిన వెంటనే ఇలా ఉంటే కంగారు వద్దు, మూడు నాలుగు నిమిషాలు ఆగండి. పది నిమిషాలైనా నిలకడకు రాకపోతే ఒక్కసారి రీస్టార్ట్ చేయండి. అప్పటికీ మిణుకుమంటే కాంతి బలం తగ్గినట్టో, కంపెనీ వైపు మీ పెట్టె నమోదులో తేడా వచ్చినట్టో. రెండూ వాళ్లు చేయాల్సిన పనులే.

పాన్ నిలకడగా ఉంది, ఇంటర్నెట్ లైటు లేదు లేదా ఎర్రగా ఉంది

దారి బాగుంది, లాగిన్ కావడం లేదు. ముందు ప్లాన్ గడువు చూడండి. కాలనీల్లోని చిన్న కంపెనీల ప్లాన్లు చాలాసార్లు అర్ధరాత్రి ముగుస్తాయి, పొద్దున లేచేసరికి నెట్ ఉండదు. మెసేజ్ ఎప్పుడో వచ్చి అడుగున పడి ఉంటుంది.

గడువు ఉంటే ఇంకో కారణం. చాలా కనెక్షన్లలో రౌటర్ ఒక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కంపెనీ సర్వర్‌కు లాగిన్ అవుతుంది. కరెంటు ఠక్కున పోయినప్పుడు రౌటర్ చెప్పకుండా వెళ్లిపోయినట్టు అవుతుంది. సర్వర్ మాత్రం పాత లాగిన్ ఇంకా నడుస్తోందనుకుని కొత్తదాన్ని రానివ్వదు. ఇక్కడ తొందరపడి ఆన్, ఆఫ్ చేస్తే లాభం లేదు. పది నిమిషాలు పూర్తిగా ఆపి ఉంచండి, సాధారణంగా సర్వర్ పాత లాగిన్‌ను వదిలేస్తుంది. ఆ తర్వాత వేయండి.

లైట్లన్నీ బాగున్నాయి, అయినా ఏదీ తెరుచుకోదు

రీస్టార్ట్ నిజంగా పనిచేసేది ఇక్కడే.

రౌటర్ ఒక చిన్న కంప్యూటర్. ఫోన్లు, టీవీ, సీసీ కెమెరా చేసే ప్రతి సంభాషణనూ అది తన మెమరీలో పట్టికగా రాసుకుంటుంది. నెలల తరబడి ఆపకుండా నడిస్తే ఆ పట్టిక నిండుతుంది, సాఫ్ట్‌వేర్ ఎక్కడో చిక్కుకుంటుంది. లైట్లు వెలుగుతూనే ఉంటాయి, పని సాగదు. మన ఇళ్లలో ఇంకో కారణం కూడా ఉంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో రౌటర్ పూర్తిగా ఆరిపోదు, పూర్తిగా నడవదు. వోల్టేజీ కుంగి లేచేసరికి లోపల లెక్క తప్పుతుంది. ఫ్యాన్ ఒక్కసారి నెమ్మదించి మళ్లీ తిరిగిన తర్వాత నెట్ ఆగిందంటే నేను మొదట అనుమానించేది దీన్నే.

సరిగ్గా చేసే పద్ధతి చెబుతాను. గోడ మీది స్విచ్ ఆపండి. అడాప్టర్ పిన్నును రౌటర్ నుంచి కూడా తీసేయండి. ముప్పై సెకన్లు ఆగండి. లోపలి కెపాసిటర్లలో కాస్త విద్యుత్తు నిలిచి ఉంటుంది, అది ఖాళీ అయితేనే మెమరీ శుభ్రమవుతుంది. రెండు పెట్టెలు ఉంటే ముందు ఓఎన్‌టీ వేయండి. పాన్ లైటు నిలకడకు వచ్చాకే రౌటర్ వేయండి. రెండూ ఒకేసారి వేస్తే, దారి సిద్ధం కాకముందే రౌటర్ లాగిన్‌కు ప్రయత్నించి విఫలమై అలాగే కూర్చునే అవకాశం ఉంది. చివరగా ఫోన్‌లో వైఫై ఆపి మళ్లీ వేయండి.

రీసెట్ రంధ్రం జోలికి వెళ్లకండి

పోయిన వేసవిలో మూడో అంతస్తు ఆంటీ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశారు. కొడుక్కి పొద్దున్నే ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. "రీస్టార్ట్ చేయమన్నారు కదా బాబూ, వెనక చిన్న రంధ్రం ఉంటే పిన్నీసుతో నొక్కిపట్టాను. ఇప్పుడు మా వైఫై పేరు కూడా కనబడట్లేదు" అన్నారు. గొంతు వణుకుతోంది.

అది రీసెట్. రీస్టార్ట్ అంటే నిద్రపుచ్చి లేపడం, రీసెట్ అంటే జ్ఞాపకమంతా తుడిచేయడం. దాదాపు పది సెకన్లు నొక్కితే వైఫై పేరు, పాస్‌వర్డ్, కంపెనీ ఇచ్చిన లాగిన్ అన్నీ పోతాయి. ఆ రాత్రి కేబుల్ ఆఫీసు మూసేశారు. ఇంటర్వ్యూ నా ఫోన్ హాట్‌స్పాట్‌తో జరిగింది. మర్నాడు ఆపరేటర్ యూజర్‌నేమ్ చెప్పాక బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి, రౌటర్ సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లి అన్నీ మళ్లీ నింపాను.

మీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఈరోజే కంపెనీని అడిగి రాసిపెట్టుకోండి. రౌటర్ అడుగున ఉన్న స్టిక్కరును కూడా ఫోటో తీసుకోండి. అవి చేతిలో లేకుండా ఆ రంధ్రాన్ని ముట్టుకోకండి.

హాల్లో వస్తుంది, లోపలి గదిలో రాదు

రౌటర్ పక్కన నిలబడి స్పీడ్ చూడండి. అక్కడ బాగుంటే లైన్ తప్పు కాదు, వైఫై దూరపు సమస్య. వైఫై రెండు పౌనఃపున్యాల్లో వస్తుంది. 5 గిగాహెర్ట్జ్ వేగం, కానీ గోడలు దాటేసరికి బలహీనపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దాటుతుంది, కానీ అపార్ట్‌మెంట్లలో అందరి రౌటర్లూ అందులోనే గుమిగూడతాయి. ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం అడ్డుంటే ఇంకా కష్టం. మైక్రోవేవ్ నడిచినప్పుడు 2.4 తడబడుతుంది, రెండూ ఒకే పౌనఃపున్యం దగ్గర పనిచేస్తాయి కాబట్టి. రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీసి ఇంటి మధ్యలో, తల ఎత్తులో పెట్టండి. 2.4కు చానెల్ 1, 6, 11లో ఒకటి ఎంచుకోండి, ఆ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు.

ఒక్క ఫోన్‌లోనే రాకపోతే ఆ ఫోన్‌లో వైఫైని మర్చిపోమని (ఫర్‌గెట్) చెప్పి మళ్లీ పాస్‌వర్డ్ కొట్టండి. కొన్ని యాప్‌లు నడుస్తూ బ్రౌజర్ పేజీలు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్‌ను, అంటే వెబ్‌సైట్ పేరును దాని అంకెల చిరునామాగా మార్చే సర్వర్‌ను అనుమానించండి. వైఫై సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ దగ్గర 8.8.8.8 లేదా 1.1.1.1 పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

రోజూ రీస్టార్ట్ చేయాల్సి వస్తోంది

ఇది మామూలు విషయం అనుకుని సర్దుకుపోకండి. బాగున్న రౌటర్ నెలల తరబడి నడుస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఇలాంటి కేసుల్లో ఎక్కువసార్లు దొరికిన దొంగ అడాప్టర్. ఏళ్లు గడిచాక అది చెప్పిన కరెంటు ఇవ్వలేదు. రౌటర్ దానంతటదే ఆగి మొదలవుతుంటే, అడాప్టర్ చేయి పెట్టలేనంత వేడెక్కుతుంటే మార్చండి. వోల్టేజీ సరిగ్గా పాతదే ఉండాలి, చాలావాటికి 12 వోల్టులు. ఆంపియర్ అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. పిన్ను సైజు, ప్లస్ మైనస్ గుర్తు కూడా సరిచూడండి. రౌటర్‌ను సెట్‌టాప్ బాక్స్ మీద పెట్టడం, దుమ్ము పడుతుందని గుడ్డ కప్పడం మానండి.

రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఆ రెప్పపాటు కుంగుడు తప్పుతుంది. అయితే కరెంటు పోయినప్పుడు యూపీఎస్ ఉన్నా నెట్ ఆగితే మీ కనెక్షన్ ఫైబర్ కాకపోవచ్చు. మీ ఇంటికి లాన్ కేబుల్ వస్తుంటే మెట్ల దగ్గర ఆ కేబుళ్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్ పెట్టెకు కూడా కరెంటు కావాలి. పూర్తి ఫైబర్‌లో మధ్యలో కాంతిని ఇళ్లకు పంచే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు.

ఫిర్యాదు ఇచ్చినప్పుడు డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తప్పకుండా తీసుకోండి. తీరకుండానే ఫిర్యాదు మూసేస్తే ఆ నంబర్‌తో కంపెనీలోని అప్పీల్ అధికారికి రాయొచ్చు. మీరు తీసిన వీడియో అప్పుడు పనికొస్తుంది.

టెక్నీషియన్ వచ్చినప్పుడు మీటర్ మీద కాంతి బలం ఎంత చూపిస్తోందో అడగండి. డీబీఎంలలో వచ్చే ఆ అంకె మైనస్‌లో ఎంత పెరిగితే కాంతి అంత తగ్గినట్టు. మైనస్ 20 దరిదాపుల్లో ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటితే చాలా ఓఎన్‌టీలకు అందదు. ఆ అంకెను తేదీతో సహా ఓఎన్‌టీ పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాయండి. చాలా ఓఎన్‌టీల సెట్టింగ్స్ పేజీలో కూడా అది కనబడుతుంది. మా గోడ మీద మొదటి అంకె మైనస్ 19. పోయిన వానాకాలం తర్వాత చూస్తే మైనస్ 25 అయింది. నెట్ ఇంకా ఆగలేదు, అయినా పిలిచి మెట్ల కింది పెట్టె తెరిపించాను. కనెక్టరు మీద చెమ్మ చేరి ఉంది. కొత్తది వేశారు. ఇప్పుడు గోడ మీద మూడో అంకె మైనస్ 20.